అయాన్ల దారి

బెంగళూరు

మాధవీ,

నీ ఉత్తరం అందింది. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. టీవీ తెరల్లో ఉండే లిక్విడ్ క్రిస్టల్‌కి బ్యాటరీలో ఏం పని అని అడిగావు కదా, చెప్తాను.

మీ ఫ్యాక్టరీలో సెల్‌లో పోసే ద్రవం లిథియం అయాన్లను హాయిగా పోనిస్తుంది, కానీ కారితే నిప్పంటుకునే ప్రమాదం. గట్టి పాలిమర్ వాడితే ఆ భయం తగ్గుతుంది, దాంతోపాటు అయాన్ల నడకా మందగిస్తుంది. మేము వెతికేది ఈ రెంటి నడుమ: ద్రవంలా కదిలే అణువులు, స్ఫటికంలా కుదిరిన వరసలు.

కిటుకంతా అణువులోనే ఉంది. ఒక కొస బిరుసైన కడ్డీ, రెండో కొస లిథియం లవణాన్ని కరిగించుకునే కార్బొనేట్ వలయం. వీటికి పొత్తు కుదరదు. కడ్డీలు కడ్డీలతో, కార్బొనేట్లు కార్బొనేట్లతో చేరి, వాటంతటవే పొరలు కడతాయి. అయాన్లు కార్బొనేట్ పొరల్లో నడుస్తాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో తకాషి కాటో బృందం 2015లో ఇలాంటి పదార్థంతోనే లిథియం బ్యాటరీని ఛార్జ్ చేసి, డిశ్చార్జ్ చేసి చూపించింది.

నా బెంగంతా దిశ గురించే. వేడి నమూనాను మైక్రోస్కోప్ కింద మెల్లగా చల్లారిస్తే, నల్లటి చీకట్లో సన్నని పుల్లలు మొలుస్తాయి, అవి కలిసి రంగురంగుల విసనకర్రలుగా విచ్చుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా కళ్ళు తిప్పుకోలేను. అయితే ఆ విసనకర్రల అంచుల దగ్గరే, గట్టు అడ్డుపడిన పంటకాలువలో నీళ్ళలా, అయాన్లు ఆగిపోతాయి. సరే, పొరలన్నీ గాజు మీద చదునుగా పరుచుకునేలా చేశామనుకో, గాజు వెంబడి చక్కగా పోతాయి. కానీ మీ సెల్‌లో ఎలక్ట్రోడ్లు ఎదురెదురుగా ఉంటాయే! అక్కడ అవే పొరలు దారికి అడ్డం.

అందుకే నాకు క్యూబిక్ దశ మీద గురి. అందులో అయాన్ల దారులు పక్కలకీ, పైకీ, కిందికీ అల్లుకుని ఉంటాయి, దేన్నీ ఎటూ తిప్పి నిలబెట్టక్కర్లేదు. 2007లో కాటో బృందమే ఒకే పదార్థాన్ని అణువులు స్తంభాల్లా పేరుకునే దశలోనూ, క్యూబిక్ దశలోనూ కొలిచి, క్యూబిక్‌లోనే వాహకత ఎక్కువని తేల్చింది. స్తంభాలంటే గుర్తొచ్చింది, బిళ్ళల ఆకారపు అణువులు కూడా దొంతరలుగా పేరుకుని లిక్విడ్ క్రిస్టల్ అవుతాయని 1977లో ప్రపంచానికి చెప్పింది ఈ ఊరి రామన్ పరిశోధన సంస్థలోని చంద్రశేఖర్, ఆయన సహచరులే.

ఒక పని చేసిపెట్టాలి. మీ లైన్‌లో మిగిలిపోయే సెపరేటర్ ముక్కలు కొన్ని పంపగలవా? మా పదార్థం వాటి సన్నని రంధ్రాల్లోకి ఇంకాక కూడా దాని క్యూబిక్ అల్లిక చెక్కుచెదరకుండా ఉంటుందో లేదో చూడాలి. సెపరేటర్ మందం ఎంతో కూడా రాయి.

నీ
సుజాత