చీలే హక్కు, నిలబెట్టే బాధ్యత

జావాస్క్రిప్ట్‌తో వెబ్ అప్లికేషన్ నిర్మించడం నేర్చుకోదలచినవారికి తొలి పాఠం పావుగంటలో ముగుస్తుంది. కంప్యూటర్‌లో నోడ్‌ను అమర్చుకోవాలి. ఒక ఖాళీ ఫోల్డర్‌లో ఎన్‌పీఎం ఇనిట్ అనే ఆదేశంతో ప్రాజెక్టుకు వివరపత్రం సిద్ధం చేసుకోవాలి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఎక్స్‌ప్రెస్ అని టైప్ చేయాలి. ఆపై పది వరుసలకు మించని ప్రోగ్రాం రాసి నడిపిస్తే, 3000 నంబరు పోర్టులో 'హలో వరల్డ్' అనే పలకరింపు కనిపిస్తుంది. రుసుము లేదు, అనుమతి పత్రం లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

అయితే ఆ ఫోల్డర్‌ను మళ్లీ తెరిచి చూస్తే మరో దృశ్యం ఎదురవుతుంది. అడిగింది ఎక్స్‌ప్రెస్ ఒక్కటే. దాని వెంట పదుల సంఖ్యలో ప్యాకేజీలు వచ్చి చేరాయి. వాటిని రాసినవారు వేరు, నిర్వహిస్తున్నవారు వేరు. ఈ పునాది ఎవరిది, దాన్ని ఎవరు పాలిస్తున్నారు అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అది సాంకేతిక ప్రశ్న కాదు, అచ్చమైన రాజకీయ ప్రశ్న.

ఎక్స్‌ప్రెస్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 2010లో ఒక ప్రోగ్రామర్ చొరవతో పుట్టిన ఈ ఫ్రేమ్‌వర్క్ నిర్వహణ 2014లో స్ట్రాంగ్‌లూప్ అనే సంస్థకు బదిలీ అయింది. ఉమ్మడి శ్రమతో పెరిగినదాన్ని అలా ఎలా అప్పగిస్తారని అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. మరుసటి ఏడాది ఆ సంస్థనే ఐబీఎం కొనుగోలు చేసింది. 2016లో ప్రాజెక్టు నోడ్ ఫౌండేషన్ నీడకు చేరింది. ఐదో వెర్షన్ తొలి ప్రయోగ రూపం 2014లోనే వెలువడినా, పూర్తి రూపం రావడానికి 2024 దాకా పట్టింది. లోకమంతా వాడుకునే వస్తువుకు పదేళ్ల నిరీక్షణ తప్పలేదు.

నోడ్ కథ మరింత ఆసక్తికరం. దాన్ని నడిపిస్తున్న జాయెంట్ కంపెనీ తీరుపై అసంతృప్తితో 2014 చివరలో కొందరు డెవలపర్లు వేరుపడి ఐఓ జేఎస్ అనే శాఖను స్థాపించారు. కోడ్‌ను నకలు చేసుకుని వేరుపడే హక్కు లైసెన్సులోనే ఉంది కనుక వారిని ఎవరూ ఆపలేకపోయారు. ఏడాది తిరగకముందే ఉభయ పక్షాలూ తటస్థ ఫౌండేషన్ కింద మళ్లీ ఏకమయ్యాయి. చీలికే సంస్కరణకు దారి చూపింది.

మన చట్టసభల్లో చీలికకు దక్కిన స్థానం వేరు. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూల్ మూడో వంతు సభ్యుల చీలికకు రక్షణ కల్పించింది. 2003లో 91వ సవరణ దాన్నీ తొలగించింది. అక్కడ సభ్యుడు వెంట తీసుకుపోయేది ఓటరు నమ్మకాన్ని. ఇక్కడ వేరుపడినవారు తీసుకుపోయింది నకలును మాత్రమే, అసలు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అందుకే ఒకచోట ద్రోహమనిపించేది మరోచోట హక్కు అవుతుంది.

కానీ హక్కు ఉన్నంత మాత్రాన నిర్వహణ జరగదు. 2016 మార్చిలో పేరు విషయమై తలెత్తిన వివాదంతో ఒక రచయిత తన ప్యాకేజీలను ఎన్‌పీఎం నుంచి ఉపసంహరించుకున్నాడు. వాటిలో పదకొండు వరుసల లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. అది మాయం కాగానే దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. ఎక్స్‌ప్రెస్ వాడే ఎంఐటీ లైసెన్సు కూడా వాడుకోవడానికి, మార్చడానికి, అమ్మడానికి స్వేచ్ఛ ఇస్తూనే, ఏ పూచీ లేదని స్పష్టంగా చెబుతుంది.

ఊరి చెరువు అందరిదీ. నీళ్లు అందరూ వాడుకుంటారు. పూడిక తీయడానికి ఎందరు వస్తారన్నదే చిక్కు. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని భారత ప్రభుత్వం 2015లో విధానం ప్రకటించింది. అది సరైన నిర్ణయమే. లైసెన్సు రుసుములో ఆదా అయిన సొమ్ములో కొంతైనా ఆ కోడ్‌ను కాపాడేవారికి చేరినప్పుడే ఆ విధానం పరిపూర్ణమవుతుంది. లేకుంటే స్వావలంబన పేరుతో జరిగేది ఇతరుల ఓపికపై ఆధారపడటమే.

కొత్తగా నేర్చుకునేవారికీ ఇందులో పాత్ర ఉంది. 'హలో వరల్డ్' కనిపించాక చేయాల్సిన రెండో పని, వచ్చి చేరిన ప్యాకేజీల జాబితాను ఒకసారి చదవడం. మూడోది, వివరణ పత్రాల్లో కనిపించిన ఒక్క తప్పునైనా సరిదిద్ది పంపడం. అక్కడితో వారు కేవలం వినియోగదారులుగా మిగలరు, ఆ గణతంత్రంలో పౌరులవుతారు.