పాక్ నీళ్లు, సాఫ్ నీళ్లు

ఇరవై ఏళ్ల నౌకరీలో నీళ్ల మీద ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లు చెడిపోయి జనం చనిపోయినప్పుడు ఆ గల్లీల్లో తిరిగాను. 2019లో భారత ప్రమాణాల సంస్థ పెద్ద నగరాల నల్లా నీళ్లని పరీక్షించి వరస పెడితే, ముంబయి తర్వాత మన హైదరాబాద్, భువనేశ్వర్ నిలిచాయని, ఢిల్లీ ఆఖర్న ఉందని ఫఖర్‌గా హెడ్డింగ్ పెట్టాను. మా ఇంటి నల్లా కింద మాత్రం పరీక్ష కోసం ఒక్కసారి కూడా సీసా పట్టలేదు. ఆ శరమ్‌తోనే ఇది రాస్తున్నాను.

మా చిన్న చెల్లెలు జచ్‌గీకి మైకే వచ్చింది. ఎనిమిదో నెల. రెండు రోజులుగా వాంతులవుతుంటే హమల్‌లో ఇదంతా మామూలేనని అమ్మీ నిమ్మకాయ షర్బత్ కలిపి ఇచ్చింది. మూడో రోజు ఫజర్‌కి లేచి వజూ చేసుకుంటుంటే అద్దంలో తన కళ్లు పచ్చగా కనిపించాయి. దవాఖానాకి పరుగెత్తాం. యర్ఖాన్ అన్నారు. ఖూన్ పరీక్షలో హెపటైటిస్ ఈ అని తేలింది.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఈ వైరస్ మామూలు మనుషులకి వస్తే చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుందట. ఆఖరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే మాత్రం నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా ప్రాణాలు పోవచ్చట. ఆ మాట చెప్పాక, "మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగింది.

"నల్లా నీళ్లే మేడమ్."

"ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

మంత్రుల్ని, ఆఫీసర్లని సవాళ్లు అడిగే నా దగ్గర దీనికి జవాబు లేదు.

పదకొండు రోజులు దవాఖానాలోనే ఉన్నాం. అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగలేదు. బిడ్డ ఐదు వారాల ముందే పుట్టాడు. రెండు కిలోలు కూడా లేడు. గాజు పెట్టెలో పెట్టారు. అల్లా కరమ్, తల్లీబిడ్డా ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆ పదకొండు రోజుల సంగతి ఇంతకంటే రాయలేను.

ఇంటికొచ్చిన వారానికే ఎవరు చెప్పారో ఏమో, ఫిల్టరు అమ్మే కుర్రాడు వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఒకదాంట్లో అతను తెచ్చిన ఆర్వో నీళ్లు. రెండింట్లోనూ కరెంటు కడ్డీలు ముంచాడు. నిమిషంలో మా నీళ్లు గోధుమరంగు గంజిలా తయారయ్యాయి. ఆయన గ్లాసు తేటగానే ఉంది. వదిన "తౌబా తౌబా" అని నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. నాకు ఈ తమాషా తెలుసు. కరెంటు పారితే కడ్డీలోని ఇనుమే కరిగి నీళ్లకి ఆ రంగు వస్తుంది. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు మారదు. అందులో మన నీళ్ల ఐబ్ ఏమీ బయటపడదు. తర్వాత టీడీఎస్ మీటరు చూపించాడు. అది నీళ్లలో కరిగిన లవణాలని అందాజాగా చెబుతుంది. మోరీ నీళ్లు కలిశాయా లేదా అన్నది దానికి తెలియదు. కుర్రాడికి చాయ్ ఇచ్చి పంపించాను.

కానీ అతను పోయాక అమ్మీ అన్న మాటకి జవాబు చెప్పడం అంత ఆసాన్ కాలేదు. గ్లాసులో నల్లా నీళ్లు పట్టి వెలుతురుకి ఎత్తి చూపించింది. "ఇత్తా సాఫ్ పానీ హై, ఇస్కో క్యా హుఆ రే?" అంది.

అమ్మీకి ఈ నీళ్ల మీద మొహబ్బత్ ఈనాటిది కాదు. 1908లో మూసీకి తుఫాను వరద వచ్చి శహర్ మునిగిన కథ ఆమె తన దాదాల నోట విన్నది. ఆ తబాహీ తర్వాతే నిజాం సర్కారు గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ కట్టింది. అది 1920లో పూర్తయింది. 1927కి హిమాయత్ సాగర్ వచ్చింది. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోడని ఇప్పటికీ అంటారు కదా. ఇప్పుడు శహర్‌కి ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి, మంజీరాల నుంచి వస్తున్నాయని ఎన్నిసార్లు చెప్పినా అమ్మీకి నల్లాలో వచ్చేది గండిపేట నీళ్లే.

పైగా ఆమె దగ్గర ఇంకో దలీల్ ఉంది. చిన్నప్పుడు మదర్సాలో మనందరం చదువుకున్నదే. రంగ్, బూ, మజా. ఈ మూడూ మారనంత వరకు పారే నీళ్లు పాక్. మా నీళ్లకి రంగు మారలేదు, వాసన లేదు, రుచి చెడలేదు. ఇంకేం కావాలి?

నాకు జవాబు దొరకక మసీదుకి పోయి ఇమామ్ సాబ్‌ని అడిగాను. ఆయన నవ్వి, "వజూకి ఆ కాయిదా చాలు మియా. కానీ తాగితే జబ్బు చేస్తుందని తెలిశాక తాగడం దురుస్త్ కాదు. జాన్ కాపాడుకోవడం కూడా దీన్‌లో మాటే" అన్నారు. పాక్ వేరు, సాఫ్ వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. తహారత్‌కి కళ్లూ ముక్కూ నాలుకా గవాహీ చెబుతాయి. క్రిములు వాటికి దొరకవు.

అప్పుడు రెండు సామాన్లు కొన్నాను. ఒకటి క్లోరిన్ చూసే చిన్న డబ్బా. ట్యూబులో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగులోకి మారతాయి. మన ఇంటి నల్లా దగ్గరకి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం. అది మిగల్లేదంటే దారిలో ఏదో మురికి దాన్ని తినేసి ఉండొచ్చని షక్ పడాలి. రెండోది మందు వేసిన చిన్న సీసా. దీన్ని 1982లో మన గ్వాలియర్ రక్షణ శాఖ లేబొరేటరీ వాళ్లే తయారు చేశారు. గీత దాకా నీళ్లు నింపి, మూత పెట్టి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లగా మారితే మలం కలిసిందని అనుమానించాలి. వైరస్‌ని ఇది పట్టుకోలేదు. వైరస్ వచ్చే రాస్తా తెరిచి ఉందేమో చెబుతుంది.

మా గల్లీకి రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లొస్తాయి. మూడు వంతుల నీళ్లు పరీక్షించాను. గల్లీ మొదట్లో ఉన్న ఇంటి నల్లాలో చుక్కలు వేస్తే చక్కగా పసుపు రంగు వచ్చింది. మా ఇంట్లో మోటర్ వేయకుండా, పావుగంట పారనిచ్చాక పట్టిన నీళ్లలో లేత పసుపు. మోటర్ వేసి పట్టిన నీళ్లలో ఏ రంగూ లేదు. అవి చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. ఆ నీళ్లు పట్టిన సీసా మర్నాడు అసర్ వేళకి సిరాలా నల్లబడింది. అమ్మీకి చూపించాను. ఏమీ అనలేదు. సీసా వైపు చాలాసేపు చూసింది.

ఆ నీళ్లనే లేబొరేటరీకి కూడా పంపాను. టీడీఎస్ 500 లోపే. ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులోనే. రిపోర్టంతా ఠీక్‌గానే ఉంది, ఒక్క చోట తప్ప. నూరు మిల్లీలీటర్లలో ఈ-కొలై అసలు కనపడకూడదు. మా నీళ్లలో ఉంది. చెల్లెలి జబ్బు ఈ నల్లా నుంచే వచ్చిందని నేను సాబిత్ చేయలేను. ఆ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. అప్పటికి ఆ నీళ్లు ఎప్పుడో పారిపోయి ఉంటాయి.

నల్లా మేస్త్రీని పిలిచి తవ్వించాం. మెయిన్ లైను నుంచి మా ఇంటికొచ్చే ఇనప పైపు మోరీలోంచే పోతోంది. తుప్పుపట్టి ఒకచోట చిల్లు పడింది. దాని మీద ఎప్పుడో అబ్బా కాలంలో చుట్టిన సైకిల్ ట్యూబు చీరుకుపోయి ఉంది. నీళ్లు రాని వేళ పైపు ఖాళీ. మోరీ నీళ్లు అందులోకి జారుతాయి. నీళ్లొచ్చినప్పుడు లోపల ఒత్తిడి గట్టిగా ఉంటే బయటిది లోపలికి రాదు. కానీ మోటర్ వేయగానే అది పీల్చడం మొదలుపెడుతుంది. "మోటర్‌కి ఏం తెలుసు సాబ్, దొరికిందల్లా లాగుతుంది" అన్నాడు మేస్త్రీ.

ఆ మోటర్ ఎనిమిదేళ్ల కింద నేనే పెట్టించాను. లైనుకి సీదాగా మోటర్ బిగించడం మనా అని వార్త రాసినవాణ్ని కూడా నేనే.

అది మా పైపులోంచే లాగుతుందనుకున్నాను. కాదట. గల్లీ లైను మొత్తం పీలుస్తుందట. పక్కవాళ్ల పైపుల్లో పగుళ్లుంటే వాళ్ల మురికి కూడా లైన్లోకి వస్తుంది. గల్లీ ఆఖర్న ఒక బేవా ఖాలా ఉంటుంది. ఆమెకి మోటర్ లేదు. మా మోటర్ నడిచినంతసేపు ఆమె నల్లాలో గాలే వస్తుంది. ఆమె బిందె పెట్టుకుని కూర్చుంటుంది. రోజూ చూస్తున్నదే, కానీ దాన్ని మా మోటర్‌తో ఎప్పుడూ జోడించి చూడలేదు.

ఈ మాట రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర చెప్పాను. అమ్మీ లుక్మా కింద పెట్టింది. "అయితే ఇన్నాళ్లూ ఆ ఖాలా హఖ్ లాగి తెచ్చిన నీళ్లతో వజూ చేశానా బేటా?" అంది. నా దగ్గర మళ్లీ జవాబు లేదు. "రేపు తీయించెయ్" అంది.

తీయించాం. మోరీకి దూరంగా కొత్త ప్లాస్టిక్ పైపు వేయించాం. ఖర్చు మాదే, ఇంటి పైపు జిమ్మేదారీ ఇంటివాళ్లదే. హౌజ్ కడిగించి మూత బిగించాం. ఇప్పుడు మాకు నీళ్లు తక్కువ వస్తున్నాయి, సన్నగా వస్తున్నాయి. వదినకి దీని మీద గుస్సా ఉంది, అది నాజాయజ్ అనలేను. పక్కవాళ్లని అడిగితే ఇద్దరు తీశారు. మిగతావాళ్లు "అందరూ తీస్తే మేమూ తీస్తాం" అన్నారు. నిన్నటిదాకా నేనూ అదే అనేవాణ్ని కాబట్టి కోపం రాలేదు. ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో నీళ్లొస్తే ఈ మోటర్లన్నీ వాటంతటవే పోతాయి. దాని కోసం అడుగుదాం, అడగడం మన హఖ్. కానీ అంతదాకా మన మోటర్ పీల్చేది ఎవరి నీళ్లో మర్చిపోవద్దు.

ఇది చదివే అమ్మీలకి, ఆపాలకి, భాయీలకి నా గుజారిష్ ఒకటే. నీళ్లొచ్చిన రోజు మొదటి పావుగంట నీళ్లు తాగడానికి పట్టకండి. క్లోరిన్ చుక్కల డబ్బా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. నల్ల సీసా పరీక్ష అయిపోయాక అందులో బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి, పిల్లలకి అందకుండా పారేయండి. షక్ ఉంటే నీళ్లు బాగా తెర్లాక ఒక నిమిషం అలాగే ఉంచి దించండి. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం పోవు, కాబట్టి బోరు నీళ్లు తాగేవాళ్లు లేబొరేటరీ పరీక్ష తప్పక చేయించండి. ఇంట్లో హమల్‌తో ఉన్న ఆడపిల్ల ఉంటే ఇవేవీ రేపటికి వాయిదా వేయకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఈ పరీక్ష అమ్మీ పని. నీళ్లొచ్చిన రోజు ట్యూబు పట్టుకుని కళ్లద్దాలు పైకి నెట్టి చూస్తుంది. పసుపు రంగు తేలితేనే "అల్‌హమ్‌దులిల్లా" అని తాగే బిందె నల్లా కింద పెడుతుంది. తేలని రోజు ఆ నీళ్లు పొయ్యి మీదికి వెళ్తాయి.