ఏ అక్షయ?

మా మామ్మ పుట్టింది అక్షయ నామ సంవత్సరంలో. తేదీ ఆవిడకు పట్టదు. 1986లో మా పిన్ని కొడుకు పుట్టినప్పుడూ అక్షయే నడుస్తోంది. అందుకే పిఠాపురంలో మా అరుగు మీద ఎవరైనా "అక్షయలో" అంటే, "ఏ అక్షయరా?" అని నవ్వేవారు. ఎదుట మనిషి కనబడుతుంటే జవాబు వెతకనక్కరలేదు.

యంత్రానికి మనిషి కనబడడు. 1998లో నేను హైదరాబాదులో కోబాల్ ప్రోగ్రాములు దిద్దే ఉద్యోగంలో చేరాను. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేం నేర్పని మేడ లేదనిపించే రోజులవి. సంవత్సరానికి రెండంకెల చోటే ఇచ్చిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే తడబడతాయని లోకమంతా బెంగపెట్టుకుంది. ఫైళ్ళన్నీ నాలుగంకెలకు మార్చడం ఖర్చు కనుక చిట్కా ఒకటి వాడేవాళ్ళం: 00 నుంచి 29 వరకు ఉంటే ముందు 20 చేర్చాలి, 30 నుంచి 99 వరకు ఉంటే 19.

నా వాటాకు విదేశపు పింఛన్ల ప్రోగ్రాము వచ్చింది. పరీక్షంటే అప్పట్లో మాకిచ్చిన నమూనా ఫైలుతో మొత్తం ప్రోగ్రాము నడిపి, ఫలితాన్ని పాత ఫలితంతో పోల్చడమే. ఆ ఫైలులో 1930కి ముందు పుట్టినవారు లేరు. నేనూ గమనించలేదు.

1999లో, 26లో పుట్టిన ఒకావిడ లెక్కకు వచ్చింది. యంత్రం దాన్ని 2026 చేసుకుంది. 1999లోంచి 2026 తీసివేస్తే మైనస్ 27. వయస్సు గడికి నేను రాసినది పిక్ 99. గుర్తును నిలిపే ఎస్ అక్షరం అందులో లేదు. కోబాల్ ఆ మైనస్‌ను మాటాడకుండా వదిలేసింది. డెబ్బై మూడేళ్ళ వృద్ధురాలు ఇరవై ఏడేళ్ళ పడుచయింది, పింఛను ఆగింది. ఆవిడ ఉత్తరం నకలు మాకు ఫ్యాక్సులో వచ్చింది. చేతిరాత వణుకుతోంది. నివేదికలో "సమాచార లోపం" అని రాశారు. నేను నోరు విప్పలేదు.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళితే, "అక్కడ నీ పనేవిట్రా?" అంది మామ్మ. "లెక్కలు దిద్దుతాను మామ్మా." "మంచిదే" అని ఊరుకుంది. ఆవిడదీ అదే సంవత్సరమని అప్పుడు తట్టింది.

ఇప్పుడు పిఠాపురంలోనే ఉంటున్నాను. సాయంత్రాలు, కుక్కుటేశ్వరుని గుడి గంటలు వినబడే వేళ, సొంత కంప్యూటరులో గ్నూకోబాల్, కోబాల్‌చెక్ పెట్టుకుని ఆ పేరాను జ్ఞాపకం మీద తిరిగి రాశాను. పాత కోబాల్‌లో ఒక్క పేరాను విడిగా పరీక్షించడం కష్టం. వర్కింగ్ స్టోరేజీ అందరి ఉమ్మడి ఆస్తి, ఎవరు దేన్ని మారుస్తారో తెలియదు. కోబాల్‌చెక్ అసలు ప్రోగ్రాము ప్రతిలోనే మన పరీక్షలను కలిపి, వేరొక ప్రోగ్రాముగా తయారుచేస్తుంది. అప్పుడు కావలసిన పేరాను ఒక్కదాన్నే పిలవవచ్చు.

మొదటి పరీక్ష: పుట్టినది 26, నేడు 1999, రావలసినది 73. వచ్చినది 27. పదినిమిషాల పని. ఆనాడు ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

పుట్టిన సంవత్సరం నేటికి తరువాత పడితే నూరు తగ్గించమన్నాను. 73 వచ్చింది. మామ్మ ఉండివుంటే అని, నేటి సంవత్సరంగా 2026 ఇచ్చాను. సున్నా! ఏ అక్షయో దానికి తెలియలేదు. పుట్టిన సంవత్సరాన్ని నాలుగంకెలు చేశాను. మళ్ళీ సున్నాయే. వయస్సు గడికి రెండంకెలే కదా, నూరులోని ఒకటి జారిపోయింది.

గడిని మూడంకెలకు పెంచి, మళ్ళీ నడిపాను.