నాన్నగారి కంప్యూటర్‌కి ఏ ఓఎస్?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నాన్నగారి పాత కంప్యూటర్ ఇంకా చక్కగా నడుస్తోంది. కానీ విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అందులో లేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో షాపులవాళ్లని అడిగితే కొత్తది కొనమంటున్నారు. బాగా పనిచేసే మెషీన్‌ని పాతసామాన్లవాడికి వేయడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

విండోస్‌కి బదులు లినక్స్ ఎక్కించుకోవచ్చు. మన చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లే కదా, డెబియన్ అనే లినక్స్ ఆధారంగా బాస్ లినక్స్ తయారుచేసింది! 2011లో మొదలైన తమిళనాడు ఉచిత లాప్‌టాప్‌లలో కూడా విండోస్ పక్కన అది ఉండేది.

నాన్నగారికి కావలసింది తెలుగు పేపర్లు, మెయిల్, యూట్యూబ్‌లో ఘంటసాల పాటలు, ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపింగ్. ఇవన్నీ డెబియన్‌లోనో, మింట్ అనే మరో లినక్స్‌లోనో హాయిగా జరిగిపోతాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు.

అయితే అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసుకు బతికేవాళ్లని మాత్రం విండోస్ వదలమని చెప్పను. ఏళ్ల తరబడి చేసిన పని అంతా ఆ ఫైళ్లలోనే ఉంటుంది.

మిగతావాళ్లు ఒక్కసారి లినక్స్ చూడండి. చెన్నైలో ఉంటే మెసేజ్ పెట్టండి, ఆదివారం వచ్చి ఎక్కించి పెడతాను.