గుమాస్తా చూచిన వినాళ గ్రంథులు

మన సంఘపు సంచికలో సంగీత సాహిత్యములను గూర్చియు, గంజాము మండలమున తెలుగువారి పూర్వచరిత్రను గూర్చియు వ్రాయదగిన పెద్దలు అనేకులు గలరు. మేము మెట్రిక్‌తో చదువు చాలించి, ముప్పదియెనిమిది సంవత్సరములు ఒక వైద్య కళాశాలలో గుమాస్తాగా నుండి, 2018 లో పదవీ విరమణ చేసినవారము. మాకు తెలిసిన కావ్యములు తక్కువ. తెలిసినవి రిజిస్టర్లు, ఇండెంట్లు, చీటీలు. కార్యదర్శిగారు ఏదియైన వ్రాయవలసినదేయని పట్టుపట్టుటచే, మేమెరిగిన ఒక్క విషయమును వ్రాయుచున్నాము. చదువరులలో వైద్యులుండిన మా భాషను మన్నింతురు గాక.

మేము పనిచేసిన శాఖ, శరీరములోని కణజాలములను సూక్ష్మదర్శినిలో చూపి విద్యార్థులకు బోధించు శాఖ. అచటి సాంకేతికుడు వృద్ధుడు, ఒడియావాడు, మిక్కిలి నిదానస్తుడు. ఫార్మలినులో నిలువచేసిన ముక్కను ఆల్కహాలులోను, జైలీనులోను ముంచి, కరగిన మైనములో పెట్టి దిమ్మ కట్టెడివాడు. ఆ దిమ్మను మైక్రోటోము అను కోతయంత్రమునకు బిగించి, అయిదారు మైక్రానుల మందమున పొరలు తీసెడివాడు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ పొర గోరువెచ్చని నీటిమీద తేలుచుండగా గాజుపలకతో ఎత్తి రంగులు వేయును. హెమటాక్సిలిన్ అను రంగు కణకేంద్రములను నీలముగను, ఇయోసిన్ అను రంగు తక్కిన భాగమును గులాబిగను చేయును. అంతయు ముగిసిన పిమ్మట పలక కొనకు అతికించు చీటీ మాత్రము మా పని. ‘థైరాయిడ్, మానవ’ అని ఎన్నిసార్లు టైపు చేసితిమో లెక్కలేదు. అక్షరదోషము రానిచ్చువారము కాము. కాని ఆ చీటీ ప్రక్క నున్న దేమో చూడవలెనను కోరిక పదునారు సంవత్సరముల పాటు మాకు కలుగలేదు.

ఇక ఇంటిసంగతి. మా గృహిణి మంచి గాయని. కచేరీలు చేసినది కాదు గాని, ఉగాదికిని దసరాకును మన సంఘపు వేదికమీద ఆమె పాట తప్పక యుండెడిది. 1989 లో రెండవ సంతానము కలిగిన పిమ్మట ఆమె క్రమముగా మారజొచ్చెను. పొద్దెక్కినను లేవలేకుండెను. ముఖము ఉబ్బినట్లయ్యెను. తలవెండ్రుకలు రాలెను. బరంపురపు వైశాఖమాసములో, మేమందరము విసనకఱ్ఱలతో వేగుచుండగా, ఆమె దుప్పటి కప్పుకొనెడిది. చెప్పిన మాట ఒక క్షణము ఆలస్యముగా అర్థమైనట్లుండెను. అన్నిటికంటె విచారకరము, గొంతు బొంగురుపోయెను. ఒక వైద్యుడు రక్తము తక్కువయని టానిక్కులు వ్రాసెను. మరియొకరు నరముల బలహీనత యనిరి. మా తల్లిగారు మాత్రము, “కోడలికి ఒళ్లు వంగదు” అని ఒక్క మాటలో తేల్చిరి. మేమును అదియే నమ్మితిమి. 1993 ఉగాదినాడు ఆమెను పాడుమని పెద్దలు కోరగా, “దానికి బద్ధకమండీ, పాడదు” అని నవ్వుచు జవాబు చెప్పినది మేమే. ఆ మాట అన్నది ఈ సంఘపు వేదిక ప్రక్కననే. విన్నవారు కొందరు నేటికిని ఉన్నారు. ఆమెయు విన్నది.

1996 ఉగాది సభకు మా శాఖాధిపతి అతిథిగా వచ్చిరి. ఫలాహారము వడ్డించుచున్న మా గృహిణితో రెండు మాటలాడి, ఆమె ముఖమును, వెలుపలి కొనలలో పలచబడిన కనుబొమలను కొంతసేపు చూచి, చలి ఎక్కువగా నుండునా, మలబద్ధము గలదా యని మెల్లగా అడిగిరి. మాకది వింతగా తోచెను. మరల కార్యాలయము తెరచిన దినమున మమ్ము పిలిపించి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి, “ఇన్నాళ్లు చీటీలు అతికించితిరి గదా, ఒకసారి చూడుడు” అనిరి.

చూచితిమి. మొదట మా కంటి రెప్పవెండ్రుకలే కనబడెను. పిదప మరను త్రిప్పగా ఒక ఊరు కనబడినది. గులాబిరంగు నిండిన గుండ్రని గదులు, పెద్దవి, చిన్నవి, ఒకదానికొకటి ఒరసికొని యున్నవి. వీనిని పుటికలందురు. సామాన్యముగా ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడ నుండదు. ప్రతి గదికిని గోడ ఒంటివరుస కణములే. ఒక్కొక్క కణము పాచిక వలె చతురస్రముగా, నడుమ నీలపు చుక్కతో నున్నది. గదుల సందులలో సన్నని రక్తనాళికలు. అచ్చటచ్చట పాలిపోయిన కణములు మరికొన్ని గలవు. అవి రక్తములోని సున్నపు పాలుకు సంబంధించిన వేరొక పని చేయునట.

థైరాయిడును మన పాఠ్యపుస్తకములు అవటు గ్రంథి యన్నవి. ఇరువది గ్రాములకు అటునిటుగా తూగు ఈ గ్రంథి కంఠమున సీతాకోకచిలుక వలె గాలిగొట్టమును పట్టుకొని యుండును. లాలాజల గ్రంథికి నోటిలోనికి కాలువ గలదు. దీనికి కాలువ లేదు. చేసిన సరకును నేరుగా రక్తములో విడుచును. అందుచేతనే ఇట్టివానికి వినాళ గ్రంథులను పేరు. ఆ సరకునకు హార్మోను అను పేరు 1905 లో ఇంగ్లండున స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞుడు వాడుకలోనికి తెచ్చెను.

గదులలోని గులాబిరంగు పదార్థము కొల్లాయిడు. తక్కిన వినాళ గ్రంథులు తమ సరకును కణములలోననే కొద్దికొద్దిగా దాచుకొనును, లేదా అవసరమైనప్పుడు అప్పటికప్పుడు తయారుచేయును. అవటు గ్రంథి యొక్కటియే కణములకు వెలుపల, ఈ గదులలో, రెండు మూడు నెలలకు సరిపడు సరకు నిలువచేయును. స్టాకు రిజిస్టరు వ్రాసిన మాకీ సంగతి బహు బాగుగ తలకెక్కినది. ఆహారములోని అయొడిను ఇందలి ముడిసరకు. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. కావలసినప్పుడు గోడకణములు కొల్లాయిడును బిందువులుగా లోనికి తీసికొని, అందుండి హార్మోనును విడదీసి రక్తములోనికి పంపును. ఆర్డరు ఎక్కువగా నున్నప్పుడు ఆ కణములు నిలువుగా ఎదుగును, కొల్లాయిడు అంచు కొరికినట్లు కనబడును. పని లేనప్పుడు కణములు బల్లపరుపుగా నగును, గదులు నిండి యుండును.

ఆర్డరు ఇచ్చునది మెదడు క్రింద బఠాణీగింజ ప్రమాణమున నున్న పీయూష గ్రంథి. ఇది హెడ్డాఫీసు. రక్తములో అవటు హార్మోను తగ్గినచో టీ.ఎస్.హెచ్. అను హార్మోనుతో హెచ్చరిక పంపును. పెరిగినచో హెచ్చరిక తగ్గించును. మా ఆఫీసులలో ఇట్టి క్రమము ఉన్నచో ఎన్ని కాగితములు మిగిలెడివో!

పిమ్మట శాఖాధిపతి రెండవ పలక పెట్టిరి. అదియు థైరాయిడే, చీటీ మాదే. కాని ఆ ఊరు పాడుపడినట్లున్నది. నీలపు చుక్కల వంటి రక్షకకణములు గుంపులు గుంపులుగా చొరబడియున్నవి. గదులు కుదించుకొని పోయినవి. కొల్లాయిడు అక్కడక్కడ చెమ్మవలె మిగిలినది. 1912 లో హాషిమోటో అను జపాను వైద్యుడు నలుగురు స్త్రీల గ్రంథులలో ఈ రూపమును కనిపెట్టి ప్రకటించెను. శత్రువులను ఎదిరింపవలసిన కణములు పొరబడి సొంత ఇంటినే ధ్వంసము చేయుటయని ఆయన వివరించిరి. హెడ్డాఫీసు ఎంత గట్టిగా వ్రాసినను జవాబిచ్చుటకు గదులు లేవు. శరీరములో ప్రతి పనియు మందగించును. గుండె, ప్రేవులు, గొంతు, తలపు, సమస్తము. “దీనికి బద్ధకమని పేరు పెట్టుదురు” అని ఆయన ఊరకనే అనిరి. మేము 1993 నాటి మాట ఆయనకు చెప్పియుండలేదు.

రక్తమును విశాఖపట్టణమునకు పంపి పరీక్ష చేయించితిమి. టీ.ఎస్.హెచ్. మితిమీరి యుండెను. మొదట 25 మైక్రోగ్రాముల మాత్ర, క్రమముగా నూరు. నూరు మైక్రోగ్రాములనగా గ్రాములో పదివేలవ వంతు! ఏడు సంవత్సరములు మా ఇంట తగవులకు కారణమైన లోటు ఇంతే. పరగడుపున, కాఫీకి కనీసము అరగంట ముందు వేసికొనవలెను. మా తల్లిగారు ఈ వృత్తాంతము విని ఏమియు అనలేదు. కాని మరునాటి నుండి తెల్లవారగనే గ్లాసుతో నీళ్లు, మాత్ర తామే కోడలికి అందించెడివారు. 2004 లో కాలము చేయువరకు ఒక్కనాడును మరువలేదు. 1996 దసరాకు మా గృహిణి ఈ వేదికమీద మరల పాడెను. పై స్థాయి కొంత తగ్గినది, అంతే.

ఈ మందు కథ కూడ వినదగినదే. 1891 లో ఇంగ్లండున మర్రే అను యువవైద్యుడు ఇట్టి వ్యాధితోనే నున్న 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె అవటు గ్రంథుల సారమును సూదిమందుగను, పిదప నోటి ద్వారమునను ఇచ్చెను. ఆమె 1919 వరకు జీవించెను. ఆమెకొరకు వాడిన గ్రంథులు 870 గొఱ్ఱెలకు పైబడినవట. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో కెండాల్ ఆ హార్మోనును స్ఫటికరూపమున వేరుచేసెను. ఇప్పటి మాత్ర ప్రయోగశాలలో తయారగునది, గొఱ్ఱెతో పని లేదు.

ఆ దినము మొదలు మధ్యాహ్నభోజన విరామములో మాకీ పలకల పిచ్చి పట్టెను. పీయూష గ్రంథి ముందుభాగములో గులాబి కణములు, నీలి కణములు, ఏ రంగును పట్టనివి కలగలసి యుండును. వెనుకభాగములో ఎక్కువగా నరముల కొనలే. అధివృక్క గ్రంథి, అనగా మూత్రపిండము నెత్తిమీది టోపీ, పైపొరలో మూడు అంతస్తులుగా నుండును. నడిమి అంతస్తు కణములు నురుగువలె బోలుగా కనబడుటకు కారణము, అందలి కొవ్వు స్లైడు తయారీలో కరగిపోవుటయే. క్లోమములో మాత్రము పెద్ద వెదకులాట. ముదురు రంగు కణముల నడుమ లేతరంగు దీవులు. 1869 లో లాంగర్‌హాన్స్ అను విద్యార్థి వీనిని చూచెను గాని, పని యేమో ఎరుగడు. మనిషికి సుమారు పదిలక్షలు గల ఈ దీవులలోనిదే ఇన్సులిను. మన వీధులలో దాని అవసరమెట్టిదో మేము చెప్పనక్కరలేదు.

మా గృహిణి వ్యాధి తెలిసిన బంధువులు, ఉప్పులో అయొడిను లేకనే వచ్చినదా యని అడిగెడివారు. ఆమెది అది కాదు. కాని ప్రశ్న మంచిది. అయొడిను లేనిచో హెడ్డాఫీసు ఆర్డర్లు ఆగవు, కణములు పెరిగి పెరిగి గ్రంథి ఉబ్బును. ముడిసరకు లేక సరకు మాత్రము రాదు. అదియే గలగండము. ఈ విషయమున మనకు సమీపపు బంధుత్వము గలదు. 1921 లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు సూక్ష్మదర్శినియే వృత్తిగా గల రోగనిర్ణయ శాస్త్రజ్ఞులు. 1956 లో కాంగ్రా లోయలో సహచరులతో కలసి, లోయను మూడు భాగములు చేసి, రెంటికి అయొడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును ఇప్పించిరి. కొన్ని సంవత్సరములకు ఆ రెండు భాగములలో గలగండము స్పష్టముగ తగ్గెను. 1962 లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమము మొదలయ్యెను. మన హుమా ఉప్పుమళ్ళను చూచి, సముద్రపు ఉప్పులో అయొడిను స్వయముగనే ఉండుననుకొనువారు కలరు. అది అతిస్వల్పము. పొట్లముమీద చూచి కొనవలసినదే.

పదవీ విరమణదినమున శాఖవారు ఏమి కావలెనని అడిగిరి. శాలువ వద్దని చెప్పి, మా గృహిణిని ఆ గదికి తీసికొనిపోవుటకు అనుమతి కోరితిమి. వృద్ధ సాంకేతికుడు అప్పటికి లేడు. చీటీలు కంప్యూటరులో ముద్రింపబడుచున్నవి. మేము 1983 లో టైపు చేసిన పలక యొకటి వెదకి తీసి, ఆమెను స్టూలుమీద కూర్చుండబెట్టితిమి. చాలసేపు చూచినది.

“ఇవి సగ్గుబియ్యం వడియాల్లా ఉన్నాయండీ” అనెను.

తరువాత రెండవ పలక చూపితిమి. కన్ను తీయక మరికొంతసేపు చూచి, “నాది ఇలాగే ఉంటుందా?” అని అడిగెను. ఔనంటిమి. 1993 ఉగాది మాటను గూర్చి మేము ఇరువదియైదు సంవత్సరములు ఆమెతో ప్రస్తావింపలేదు. ఆనాడు ఆ గదిలో చెప్పితిమి. “తెలుసులెండి” అని ఆమె కన్నద్దాలు పెట్టుకొని లేచెను. ద్వారముకడ ఆగి, ఆ చీటీమీద టైపు చేసినది మీరేనా యని అడిగెను.