అరకు దారిలో మూడు కాయిళ్ళు

విశాఖపట్నం నుంచి అరకులోయకు రెండు దారులున్నవి. ఒకటి 1960 దశకంలో కొండల కడుపులు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం. బైలదిల్లా ఇనుపఖనిజం సముద్రతీరానికి దిగివచ్చేది ఈ మార్గాననే. రెండవది శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండలనెక్కే ఘాటురోడ్డు. రైలులో పోయేవారికి సొరంగాలూ, వాటి చీకటివెలుగులూ వినోదం. పాత జీపులో పోయేవారికి ప్రతి మలుపూ ఒక పరీక్ష.

సుమారు 115 కిలోమీటర్ల ప్రయాణంలో సముద్రపుటొడ్డు నుంచి దాదాపు 3,000 అడుగుల ఎత్తుకు చేరుకుంటాం. టైడా అడవులు, దముకు మలుపులు, అనంతగిరిలో సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లను పెనవేసుకున్న మిరియపు తీగలు—ఇవన్నీ పాఠకులలో చాలామంది చూచే వుంటారు. ఆ రోడ్డు వదలి లోనికి పోయే మట్టిబాటలను చూచినవారు మాత్రం తక్కువ. కొండదొరలు, బగతలు, కోదులు, పోర్జాలు, గదబలు కాపురముండే పల్లెలకు అవే దారులు. ఆ బాటలు కూడా చేరని పల్లెలు కొన్నివున్నవి. అక్కడ నేటికీ రోగిని డోలీలో మోసుకుని రోడ్డుకు దింపవలసిందే.

నా మిత్రులొకరు డాక్టరు. సెలవు దొరికితే చాలు, ఆ పల్లెలకు పోయి వైద్యం చేసి వస్తూవుంటారు. వారి వాహనం 1950 దశకపు పెట్రోలు జీపు. విల్లీసు జీపుల విడిభాగాలు తెప్పించి 1949లో బొంబాయిలో మహీంద్రావారు బిగించటం మొదలుపెట్టారు గదా, ఇది ఆ వంశంలోది. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. కార్లు తొంగిచూడని చోటికి కూడా వెళ్ళగలదు. కాని ఒక్క యేడాదిలో మూడు ఇగ్నిషన్ కాయిళ్ళను పొట్టన పెట్టుకుంది!

మూడవది పోయిన రాత్రి నేనూ ఆ జీపులో వున్నాను. సుంకరమెట్ట అవతల ఒక మట్టిబాట చివర, డోలీలో దింపిన నిండుచూలాలిని ఎక్కించుకుని అరకు ఆసుపత్రికి బయలుదేరాం. చిన్న గేరులో మిట్ట ఎక్కుతూండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి కాయిలు మీద చెయ్యి వేసి, చురుక్కున తీసేశాడు. తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా కూర్చున్నాం. ఆ ఇల్లాలి అత్తగారు, “ఇంకెంతసేపు బాబూ?” అని ఒక్కసారి మాత్రం అడిగింది. మాలో ఎవరివద్దా జవాబు లేదు. ఇంజను కదిలింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ తడిగుడ్డ. ఆసుపత్రి చేరేసరికి తెల్లవారింది. దైవం మేలు చేసి తల్లీబిడ్డా క్షేమం. కాయిలు మాత్రం ఆసుపత్రి వాకిట్లోనే కన్నుమూసింది.

నాలుగవ కాయిలు వేయించుకుని, కొండ దిగి శృంగవరపుకోటలో ఒక ముసలి మెకానిక్కు వద్దకు పోయాం. ఆయన పాతవి మూడూ వరుసగా పేర్చి చూచాడు.

“మూడూ ఒకేలాగ సచ్చిపోనాయి మాస్టారూ! అయితే తప్పు కాయిలుది కాదండి. దాన్ని సంపేది మరోటుంది” అన్నాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ దేనికని పాఠకులు నవ్వవచ్చు. కాని ఆయన చెప్పినంత చక్కగా చెబితే ఎవరికయినా బోధపడుతుంది. కాయిలు లోపల ఇనుపకడ్డీ చుట్టూ రెండు తీగచుట్లు వుంటవి. లావుతీగ కొద్ది చుట్లు, సన్నతీగ వేలకొద్దీ చుట్లు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసుకున్నప్పుడు లావుతీగలో బేటరీ కరెంటు పారుతుంది. అవి తెరుచుకోగానే ఆ కరెంటు తెగి, సన్నతీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు కొసన నిప్పురవ్వ అవుతుంది.

ఆయన మీటరు పెట్టి కొలిచాడు. కాయిలు లావుతీగ 1.5 ఓము. జీపు పుట్టినప్పుడు దానికి 6 వోల్టుల బేటరీ. అప్పుడీ తీగలో 4 ఆంపియర్లు పారేవి. ఏనాడో ఎవరో దాన్ని 12 వోల్టులకు మార్చారు. కాయిలు మాత్రం పాతరకానిదే వేస్తూవచ్చారు. కరెంటును తగ్గించే రెసిస్టరు పెట్టలేదు. ఇప్పుడు 8 ఆంపియర్లు! కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలు. పాయింట్లు నల్లబడి గుంటలు పడివున్నవి. ఆ సాక్ష్యమూ సరిపోయింది. ప్లగ్గుల సందు కూడా అరిగి, వుండవలసిన 30 థౌల కన్న బాగా పెరిగింది. సందు పెరిగినకొద్దీ కాయిలు మరింత వోల్టేజి పుట్టించాలి. డైనమోనూ, కటౌటునూ పరీక్షిస్తే 14 వోల్టులు చూపి నిర్దోషులుగా తేలినవి.

మరి మైదానంలో పోనిది కొండమీదనే ఎందుకు పోతున్నది? మైదానంలో గాలి విసురు వుంటుంది. ఘాటులో చిన్న గేరుతో నెమ్మదిగా ఎక్కుతూంటే ఇంజను కాగుతుంది. కాయిలు ఆ ఇంజనుకే బిగించివుంది. పైగా ఇంజను ఆగినప్పుడు తాళంచెవి తిప్పే వుంచితే, పాయింట్లు మూసుకుని వుంటే, కరెంటు తెంపులేకుండా పారుతూనే వుంటుంది.

నాలుగవదాన్ని తీసివేసి, 3 ఓముల అసలైన 12 వోల్టుల కాయిలు తెప్పించాం. దానికి వేరే రెసిస్టరు అక్కరలేదు. దాన్ని ఇంజను మీదనుంచి తప్పించి, వెనుక రేకుగోడకు బిగించాడు. పాయింట్లూ కండెన్సరూ కొత్తవి వేసి, ప్లగ్గుల సందు సరిచేశాడు. అయిదుగురం ఎక్కి గాలికొండ దాకా పోయి కాయిలు ముట్టుకుంటే వెచ్చగా వుంది, అంతే. ఆ తరువాత రెండు వానకాలాలు గడిచినవి. ఆ కాయిలే నడుస్తున్నది.

దారిలో మా డాక్టరుగారు, “మేమూ ఇంతేనండీ. జ్వరానికి మాత్ర యిచ్చి దోమను వదిలేస్తే, మళ్ళీ నెలకు అదే మనిషి అదే జ్వరంతో వస్తాడు” అన్నారు. జీపుకు ఒక కాయిలు చాలు. డోలీలకు మాత్రం రోడ్డే మందు.

పాత జీపుతో ఆ కొండలెక్కే వారికి ముసలి మెకానిక్కు చెప్పిన మాటలు అందిస్తున్నాను. ఇంజను ఆగితే మొదట తాళంచెవి కట్టెయ్యండి. కాయిలు కొనేముందు దాని ఓములు కొలిపించండి. మొదటి కాయిలు పోతే మార్చండి. రెండవదీ పోతే మాత్రం మార్చేముందు దాన్ని కాల్చినదేమిటో వెతకండి.