కొండగట్టులో సిపాయి పుస్తకం

కరీంనగరం నుంచి జగిత్యాల పోయే బస్సెక్కి గంగాధర దాటామంటే, పొలాల మధ్య నుంచి ఉన్నట్టుండి గుట్టలు లేస్తాయి. వాటిలో ఒకదానిమీద వెలసినవాడు కొండగట్టు అంజన్న. ముత్యంపేట గ్రామం, మల్యాల మండలం. ఒక ముఖం ఆంజనేయుడిది, ఒక ముఖం నరసింహుడిది, శంఖచక్రాలు కూడా ఉన్న ఈ మూర్తి అరుదైనది. తప్పిపోయిన పశువును వెదుకుతూ వచ్చిన సింగం సంజీవుడనే పశువులకాపరికి స్వామి కలలో కనిపించి, కోరింద పొదలో ఉన్నాననీ, ఎండావానల నుంచి కాపాడమనీ అడిగాడని స్థలపురాణం. కాపాడమని మనం దేవుణ్ణి అడగడం మామూలే. ఇక్కడ దేవుడే మనిషిని అడిగాడు!

చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతికీ, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికీ దీక్షాపరులతో గుట్టంతా కాషాయమవుతుంది. మేము వెళ్ళింది మామూలు రోజు. ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర బస్సులో మాటలు సద్దుమణిగాయి. 2018 సెప్టెంబరు 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించింది ఇక్కడే. ఒకావిడ కిటికీలో నుంచే చేతులు జోడించింది.

దర్శనమయ్యాక చెట్టు నీడన కూర్చున్నాం. పక్కనే ఒక ముసలమ్మ, గుండు చేయించుకున్న మనుమడు. కొబ్బరిచిప్ప వాడి చేతిలో పెట్టి, ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.

“సదువుకున్నోనివి గద బిడ్డా, ఇండ్ల నా పేరెట్లున్నదో జర చూసి చెప్పు.”

అది పాత సైనికుల డిశ్చార్జి పుస్తకం. అంచులు చెదలు కొట్టాయి. ఆమె భర్త 1971 యుద్ధం నాటికి పటాలంలో సిపాయి. ఇంటి ఇబ్బందుల వల్ల, పింఛనుకు కావలసిన పదిహేనేళ్ళు నిండకుండానే, తానే అడిగి వచ్చేశాడు. నిరుడు శ్రావణంలో పోయాడు. దహనానికి, ధర్మపురి గోదావరిలో అస్థికలు కలపడానికి, పదకొండోనాటి భోజనాలకు మిత్తికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మాజీ సైనికుల కుటుంబాలకు అంత్యక్రియల సహాయం అడగవచ్చని ఎవరో చెబితే కరీంనగరం వెళ్ళింది. పుస్తకంలో ఉన్నది పుట్టింటి పేరు, ఆధార్ కార్డులో అత్తవారింట పెట్టిన పేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారట.

“యాభై ఏండ్లు కాపురం జేసిన. నేనే నేనని ఎవలతోని చెప్పియ్యాలె?”

నాకు నవ్వు రాలేదు. ఇది ఆమె ఒక్కదాని కష్టం కాదు. పెళ్ళయిన వెంటనే భార్య పేరు, పిల్లలు పుట్టగానే వాళ్ళ పేర్లు సైనిక రికార్డులో నమోదు కావాలి. పింఛను తీసుకునేవారు పోతే భార్యకు సాధారణ కుటుంబ పింఛను, చివరి జీతంలో నూటికి ముప్పై వంతు, వస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే అదీ ఆగుతుంది. పింఛను లేనివారికి మిగిలేది సైనిక సంక్షేమ కార్యాలయం. అంత్యక్రియల సాయం ఎంత, ఎవరికి, ఎన్నాళ్ళలోపు అడగాలి అన్నవి మారుతుంటాయి కనుక అక్కడే అడిగి తెలుసుకోవాలి. ఏటా డిసెంబరు 7న మనం జేబుకు గుచ్చుకునే చిన్న జెండా 1949 నుంచి ఇలాంటి కుటుంబాల కోసమే.

అమెరికాలో గౌరవంగా విడుదలైన సైనికుడు పోతే జాతీయ శ్మశానవాటికలో స్థలం, పేరు చెక్కిన ఫలకం, పేటిక మీద కప్పే జెండా ప్రభుత్వమే ఇస్తుంది. మన సిపాయి బూడిద గోదావరిలో కలిసిపోతుంది. ఫలకం ఉండదు. మిగిలేది ఈ పుస్తకం ఒక్కటే. అందుకే దాన్ని బీరువాలో నగలతో పాటు దాచాలి.

నాకు తెలిసిన ఇంకో సంగతి ఆమెకు చెప్పాను. పింఛను లేక, వేరే ఆదాయమూ లేక, అరవై అయిదేళ్ళు దాటిన మాజీ సైనికులకు, హవల్దారు హోదా వరకు, కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా నెలనెలా సాయం ఉంది. వాళ్ళ వితంతువులకూ ఇస్తారు. అది 2025 నవంబరు 1 నుంచి నాలుగు వేల నుంచి ఎనిమిది వేలయింది. దహనం డబ్బు కోసం తిరుగుతున్న మనిషికి, తన బతుకు కోసమూ ఒక దరఖాస్తు ఉందని ఇంతవరకూ తెలియదు!

“ఊళ్ళో పెద్దమనుషుల సంతకాలతో, రెండు పేర్లూ నీవేనని ప్రమాణపత్రం రాయించుకో అమ్మా. రెండింటికీ అదే అక్కరకొస్తుంది,” అని, ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆమె దాన్ని పుస్తకం మధ్యలో పెట్టి, కవరు మడిచి, కొంగులో కట్టుకుంది.

“పైసలు ఎన్నొస్తయో అంజన్నకెరుక. మా తాత పటాలంల పనిజేసిండని వీడు చెప్తే బళ్ళె ఎవలు నమ్ముతలేరట. కాయితం మీద ముద్రపడితే సూపెడ్తడు.”

మనుమడు కొబ్బరి నములుతూనే తలాడించాడు. కింద బస్సు హారన్ మోగించింది. వాణ్ణి చేయి పట్టుకుని ఆమె నాకంటే ముందే మెట్లు దిగింది.